శంకరప్ప ఇంట్లో పీట జరగదు

తాండూరులో కందుల వ్యాపారి శంకరప్పకు ఒకటే జబ్బు. ఇంట్లో ఏ వస్తువూ జానెడు జరగకూడదు. భూకంపం వచ్చినా ఆయన బస్తాలు ఆయన్ని అడిగే కదులుతాయని బజారులో చెప్పుకునేవారు. పీట జరిపితే కేక, చెంబు జరిపితే కేక. పైగా నడిచేటప్పుడు కాళ్ళు దబదబలాడిస్తూ "వస్తున్న, నేనే" అని తన ఇంట్లో తానే చాటింపు వేసుకునేవాడు.

ఇదంతా మల్లి అనే ముసలి పిల్లి కోసం. అది బస్తా మీదికి దూకబోయి కింద పడటం, మీసాలు గోడకు రాసుకుంటూ నడవటం, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కంటిపాపలు పెద్దగా విప్పారి ఉండటం చూసి, ఆయన దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాడు. చూపు ఇక రాదనీ, సామాను జరపొద్దనీ, చప్పుడు చేయకుండా దగ్గరికి పోవద్దనీ డాక్టరు చెప్పాడు. శంకరప్ప ఆ మాటను ఇంటిల్లిపాదికీ శాసనం చేసేశాడు.

పందొమ్మిది వందల యాభై ఆరులో ధారూర్ నుంచి కోడలిగా వచ్చిన పుష్పమ్మకు ఈ పిచ్చే వరమైంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు కళ్ళు ఆనవు. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా, తోలగొడ్తరు" అని తల్లి భయపెట్టి పంపింది. ఏదీ జరగని ఇల్లు కాబట్టి గుర్తుల మీద పని వెళ్ళదీస్తూ, మల్లికి రోజూ మనసులో దండం పెట్టుకునేది.

ఒకనాడు దొరికిపోయేదే. అప్పుడే దించిన కందుల బస్తాను కూర్చున్న చుట్టమనుకుని, కొంగు సర్దుకుని, "మంచిగున్నరా" అంటూ నీళ్ళ చెంబు చాపింది. బస్తా ఎంతకీ అందుకోలేదు. వెనక నుంచి శంకరప్ప వచ్చి "నాకే గద" అని చెంబు లాక్కుని గటగటా తాగేశాడు.

మర్నాడు ఆయన వంటింటి బండమెట్ల అంచులకు సున్నం పూశాడు. పిల్లి కోసమట. అత్త కస్తూరమ్మకు నవ్వాగలేదు.

"కండ్లు కనపడని పిల్లికి సున్నం గీతలేందయ్యా?"

"దానికి మస్తు తెలివి" అన్నాడాయన.

మామ కనిపెట్టేశాడని పుష్పమ్మకు అర్థమైంది.

బజారు లేని రోజు చూసి, ఆయన మల్లిని గంపలో పెట్టి, గంప కోడలికిచ్చి రైలెక్కించాడు. ఎక్కడికో చెప్పలేదు. ధారూర్ స్టేషన్ రాగానే, పుట్టింట్లో దింపేస్తున్నాడనుకుని పుష్పమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

"ఏడికి? కూసో" అన్నాడు మామ.

వికారాబాద్‌లో కళ్ళ డాక్టరు గంపలోకి చూసి మండిపడ్డాడు. తాను మనుషులకే చూస్తానన్నాడు.

"గట్లనా" అని శంకరప్ప తెల్లముఖం వేశాడు. "ఎట్లైనా వచ్చినం గద సారూ. జర మా బిడ్డనన్న చూడున్రి."

కోడలనలేదు, బిడ్డ అన్నాడు. కళ్ళద్దాలు తరువాత వచ్చాయి గానీ, పుష్పమ్మ భయం ఆ మాటతోనే పోయింది.

అద్దాలు పెట్టుకున్న రోజు ఆమె కావాలనే పీట జానెడు జరిపింది. ఇంటికప్పు లేచిపోయేలా కేక వేశాడు శంకరప్ప. ఇన్నాళ్ళూ ఆ గొంతు మాత్రమే ఎరిగిన పుష్పమ్మ, కేక వేస్తున్నంతసేపూ ఆ మీసాల కింద నవ్వు ఉంటుందని అప్పుడు చూసింది. ఈ ఇంట పడటం తన అదృష్టమనుకుంది.

పీటను మళ్ళీ దాని చోట పెట్టేసింది. అవతల గోడ వెంట మల్లి వస్తోంది.