తూములో కొబ్బరిడొక్క

స్నానాలగదిలో నీళ్ళు పోవడం లేదని మా మేనకోడలు పొద్దున్నే ప్లంబరుకు ఫోను చేసింది. మధ్యాహ్నం వస్తానన్నాడట, మధ్యాహ్నం అడిగితే సాయంత్రమన్నాడట, ఆ తరువాత ఫోను ఎత్తడమే మానేశాడు. అతను వస్తాడులే అత్తా, నువ్వు కూర్చో అని అది నిశ్చింతగా టీవీ పెట్టుకుంది గాని, నేను కూర్చోలేకపోయాను. ఈ అమలాపురం మేడమీది ఇంట్లో వంటగదినుంచి స్నానాలగదికి నాలుగడుగులు కూడా ఉండవు. ఆ నాలుగడుగులూ పొద్దుటినుంచి ఎన్నిసార్లు నడిచానో. జాలీ మీద సబ్బునీళ్ళు కదలకుండా నిలిచి ఉంటాయి, ఉండుండి కిందెక్కడో గుటక వేసినట్టు చప్పుడవుతుంది, పోతాయేమోనని చూస్తే ఉన్నచోటే ఉంటాయి. నిలిచిన నీళ్ళు చూస్తే నాకు కాలు నిలవదు. ఇది ముసలితనంలో వచ్చిన చాదస్తం కాదు, నా కాపరం కొత్తలో పట్టుకున్నది.

మీలో మండువా లోగిళ్ళలో కాపరం చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, ఆ ఇళ్ళలో వాన మన ఇంట్లోనే కురిసేది. నాలుగువైపుల పెంకుల చూరులనుంచి నీళ్ళు నడుమనున్న మండువాలోకి దూకేవి, మండువా మూలనున్న తూములోకి పోయేవి, ఆ తూము నోటికి కాస్త లోపలే ఒక వంపు తిరిగి, వసారా కిందుగా వెళ్ళి, దొడ్లో బోదికాలవలోకి తేలేది. కొత్తపేట దగ్గర, గౌతమి గట్టుకు దిగువనున్న మా అత్తవారింట నాకు అప్పగించిన పనులన్నీ నీళ్ళవే. తెల్లారగానే దొడ్లో నీళ్ళపొయ్యి ముట్టించి కాగు నిండా వేణ్ణీళ్ళు కాచాలి. అందులో పెట్టే కొబ్బరిడొక్కలు, అదే, పీచుతొక్కలు, ఎండినవైతే సరే, వానాకాలంలో చెమ్మపట్టినవైతే మంటకన్నా పొగే ఎక్కువ, అందుకని రేపటి డొక్కల్ని ఇవాళే పొయ్యి చుట్టూ పేర్చి ఆరబెట్టుకోవాలి. కాగు అడుగున చిల్లిపడితే మాటు వేసేవాడు వచ్చేదాకా పిండిముద్ద అద్ది సరిపెట్టుకోవాలి. మండువాలో రాలిన ఆకూ అలమూ తూముకు అడ్డం పడకుండా పూటపూటా ఏరాలి. ఈ పనుల మధ్య ఒక్కచోట కుదురుగా ఉండనని మా పెద్దత్తగారు, అంటే మామగారి అప్పగారు, నాకు కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టేరు. చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోగొట్టుకుని పుట్టింట ఉండిపోయిన మనిషి. ఆవిడ నోటికి ఇంట్లో మామగారు కూడా జడిసేవారు.

ఆ ఏడు శ్రావణమాసంలో మా ఆడపడుచు పురిటికి వచ్చింది. నెలలు నిండకుండానే ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. గుప్పెట్లో పట్టేటంత పిల్ల, ఏడిస్తే పిచికపిల్ల కూసినట్టుండేది. మంత్రసాని ఆ పిల్లను తల్లి రొమ్ముకు అంటిపెట్టి, మంచం కింద కొబ్బరిచిప్పల నిప్పులతో కుంపటి పెట్టించి, ఈ వేడి ఆరితే పిల్ల దక్కదని మాకందరికీ విడివిడిగా చెప్పింది. పురిటిగది ఆ ఇంటికల్లా పాతది. తక్కిన ఇల్లు ఎత్తు చేసినప్పుడు దాన్ని అలాగే వదిలేశారు గనుక మండువా పక్కనుంచి ఒక మెట్టు దిగి వెళ్ళాలి.

అవి వరద రోజులు. గోదారి పొంగితే ఏటినడుమ లంకల్లోని పాములు ఎత్తు వెతుక్కుంటూ ఊళ్ళోకి వచ్చేవి, తూముల్లోంచి ఇళ్ళలోకి దూరేవి. ఒకనాటి పొద్దున్న మా అత్తగారికి మండువా తూము నోట్లో పాముతోక కనబడిందట. ఆవిడ ఎవరితోనూ చెప్పలేదు. లోపల పురిటిలో కూతురు, పసిగుడ్డు. రెండు ఎండు కొబ్బరిడొక్కలు తెచ్చి, ఒకదాని వెనక ఒకటి తూములోకి దోపి, రోకలితో గట్టిగా బిగదన్ని, చేతులు కడుక్కుని వెళ్ళి వంట చేసుకున్నారు. ఎండుడొక్క నీళ్ళు తాగితే ఎంత ఉబ్బుతుందో కొబ్బరితోటల్లో పుట్టిపెరిగిన ఆవిడకు తెలియనిది కాదు. ఆ పూట ఆవిడకు పాము తప్ప మరేదీ తోచలేదు, అంతే.

భోజనాలవేళకు వాన పట్టుకుంది. మామగారు రామచంద్రపురం వెళ్ళి, రేవులో పంటు ఆపేయడంతో అవతలి ఒడ్డునే ఉండిపోయారు. మావారు ఊళ్ళో మగవాళ్ళందరితోపాటు ఏటిగట్టు కాయడానికి వెళ్ళేరు. ఇంట్లో అందరం ఆడవాళ్ళమే. మండువాలో నీళ్ళు పాదం మునిగేదాకా రావడం మామూలే గనుక మొదట ఎవరమూ పట్టించుకోలేదు. పిక్కలదాకా వచ్చాక నేను దొడ్లోకి పరుగెత్తి చూస్తే, బోది ఇంకా వెలితిగానే ఉంది, మన తూములోంచి మాత్రం చుక్క కూడా పడడం లేదు. దోటి తీసుకుని బయటినుంచి పొడిచాను. వంపు దగ్గర తగిలి ఆగిపోయింది. తడిసిముద్దయి లోపలికి వచ్చి తూముకు ఏదో అడ్డం పడిందని చెప్పేసరికి మా అత్తగారు స్తంభానికి చేరగిలబడి, మెల్లిగా, తాను చేసిన పని చెప్పేరు.

అప్పటినుంచి ఎవరికీ ఒక్కచోట నిలకడ లేదు. బిందెలతో తోడి వీధరుగు మీదనుంచి పారబోశాం. మేము తోడిందానికన్నా చూరు పోసింది ఎక్కువ. నీళ్ళు పురిటిగది గడప తాకాయి, గడపకు అడ్డం వేసిన గోనెసంచులు తడిసి లోపలి మెట్టు మీదికి సన్నగా కారడం మొదలుపెట్టాయి. పిల్లను వసారాలోకి మారుద్దామంటే అక్కడ ఈదురుగాలి. పురుడు వెళ్ళకుండా వంటింట్లోకి తేవడానికి ఆచారం ఒప్పదు. పెద్దత్తగారే ఆ మాట అన్నారు, అని, మళ్ళీ ఆవిడే, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందేమోనే అంటూ వంటింటి వైపు చూశారు. గదిలోంచి మంత్రసాని కేకేసింది.

"కుంపటి పీటమీదికి ఎత్తేనండి. ఆయ్, ఇంకో బెత్తెడు వస్తే మాత్రం నా చేతిలో లేదండి."

అప్పుడు నాకు అటకమీది పాతాళగరిగె గుర్తుకొచ్చింది. నూతిలో చేద జారిపడితే పైకి తీసే కొక్కేల గుత్తి, మీకు తెలిసిందే. తాడు పట్టుకుని మండువాలోకి దిగి, నీళ్ళ కింద తూము నోరు తడుముకుని, దాన్ని లోపలికి నొక్కి తిప్పాను. కొక్కేలు పీచులో దిగాయి. నేనూ అత్తగారూ కలిసి లాగాం. చేతికి పీచు వచ్చింది గాని డొక్క రాలేదు. మళ్ళీ దింపి, మళ్ళీ లాగాం. పెద్దత్తగారు మడిచీర ఎగదోపుకుని దిగి, ఇలాటప్పుడు మడేవిటే అంటూ తాడు చివర పట్టుకున్నారు. మొదటి డొక్క ఊడివచ్చింది. ముగ్గురం ఒకరిమీద ఒకరం వెల్లకిలా పడ్డాం. నీళ్ళు మాత్రం కదలలేదు. రెండోది లోపలికి, వంపు దాకా వెళ్ళింది, తాడుకు కట్టిన గరిగె వంపులో పట్టడం లేదు. చేయి పెట్టి లాగడమే మిగిలింది.

నేను బోర్లా పడుకోబోతుంటే మా అత్తగారు నా జడ పట్టుకుని వెనక్కి లాగేరు.

"పాము లోపలే ఉందే. నా కూతురి పిల్ల కోసం ఎవరో కన్నపిల్లను పాము నోట్లో పెట్టమంటావా?"

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నన్ను ఎవరో కన్నపిల్లగా తలచుకోవడం అదే మొదటిసారి. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరగవలసింది గాని, తీరిక ఎక్కడిది. గదిలో పిల్ల ఏడుపు వినబడుతోంది, ఆ ఏడుపు మధ్యలో తెగి తెగి వస్తోంది.

"జడ వదలండి అత్తయ్యగారూ, పిల్లకి చలేస్తోంది" అన్నాను.

వదిలారు. గడ్డం నీళ్ళకు ఆనేలా పడుకుని భుజందాకా చేయి పెట్టాను. తూము పెంకులు మోచేతిని గీరేశాయి. వేళ్ళకు ముందు బురద తగిలింది, తరువాత పీచు. పీచులో వేళ్ళు గుచ్చి అటూ ఇటూ కదిపాను, కదిపినకొద్దీ పక్కనుంచి సన్నగా నీరు పోతున్నట్టు తెలిసింది, ఒక్క గుంజు గుంజేసరికి డొక్క విరిగి సగం నా గుప్పెట్లోకి వచ్చింది. మిగతా సగం అటు కొట్టుకుపోయింది. అప్పుడు మండువాలోని నీళ్ళన్నీ నా చేతిని పట్టుకుని లోపలికి లాగాయి. ఆ లాగడంలో ఏదో చల్లగా, నున్నగా నా మణికట్టును రాసుకుని వెళ్ళింది. పామో, అరటిడిప్పో ఇప్పటికీ తెలియదు. విదిలించి చేయి వెనక్కి తీసుకున్నాను.

నీళ్ళు సుడి తిరుగుతూ దిగిపోయాయి. గదిలోకి వెళ్ళిన నీటిని గోనెలతో అద్ది, మెట్టు మీద ఊక చల్లాం. పీటమీద కుంపటి ఎర్రగానే ఉంది. ఆ సాయంత్రం మా అత్తగారు నన్ను నీళ్ళపొయ్యి దగ్గర కూర్చోబెట్టి, కాగులోంచి వేణ్ణీళ్ళు తోడి తానే నాకు తలంటిపోశారు, గీరుకున్న చేతికి పసుపు అద్దేరు. మాటలన్నీ పెద్దత్తగారే మాట్లాడేరు. మర్నాడు పొరుగావిడతో, మా ఇంటికి కాలుగాలిన పిల్లే కావాలమ్మా, కుదురైనది వస్తే ఈపాటికి మునిగిపోయేవాళ్ళం అన్నారు. మామగారు తిరిగొచ్చాక తూము నోటికి ఇనపకమ్ముల చట్రం బిగించేరు. పాము రాకుండా, నీరు పోయేలాగా.

ఆ పిల్లే ఈ మేనకోడలు. నాకు అరవై దాటాక పలకమీద అక్షరాలు దిద్దించి, ఇవాళ ఈ నాలుగు మాటలూ రాసుకునేలా చేసింది కూడా అదే. దానికి ఈ కథ తెలుసు, ఎవరిదో కథలాగా తెలుసు.

దీపాలు పెట్టేవేళకు ప్లంబరు వచ్చాడు. చుట్టలు చుట్టిన స్ప్రింగుతీగ లోపలికి తోసి, తిప్పి, జుట్టు ఉండ ఒకటి లాగి పారేశాడు. ఈ నీళ్ళు ఇక్కడినుంచి ఎటు పోతాయి బాబూ అని అడిగితే, గొట్టంలోకండి అన్నాడు. ఆ గొట్టం ఎటు పోతుందంటే నవ్వాడు. అతని తప్పేముంది, ఇల్లుగలవాళ్ళకే తెలియదు. ఆ రోజుల్లో పొయ్యిమీది కాగునుంచి బోదిదాకా మా ఇంటి నీళ్ళు ఏ వంపులో ఎంతసేపు ఆగుతాయో మాకు తెలిసేది. ఇప్పుడు మీట నొక్కితే వేణ్ణీళ్ళు వస్తాయి, జాలీ దాటితే మాయమవుతాయి, ఆగినప్పుడు తప్ప ఎవరికీ వాటి తలపే ఉండదు. మా మండువా మీద శ్లాబు పడి చాలా కాలమైంది. వాన ఇంట్లోకి రావడం మానేసింది, ఆ తూము గచ్చు కింద ఎక్కడ ఉందో చూపించగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ప్లంబరు వెళ్ళాక బకెట్టుడు నీళ్ళు కుమ్మరించి, వంగి, జాలీ మీద అరచేయి పెట్టాను. లాగాయి. మేనకోడలు గుమ్మంలో నిలబడి, బాగయిపోయింది కదా అత్తా, ఇంకా అక్కడేం చేస్తున్నావు అంది.

"ఏంలేదే, వస్తున్నా" అన్నాను గాని, చివరి చుక్క దిగేదాకా చేయి తీయలేదు.