నీళ్లు పెట్టమన్నాను

పలమనేరు దగ్గర ఒక పల్లెలో వ్యవసాయ సహాయకురాలిగా చేరిన మొదటి ఏడాది నేను ఎక్కువగా చేసిన పని ఫొటోలు తీయడం. రైతు తన చేలో నిలబడాలి, వెనక పంట కనపడాలి, గడువు లోపల అది పంట నమోదు యాప్‌లోకి ఎక్కాలి. ఎక్కకపోతే పైనుంచి ఫోన్. వ్యవసాయం చదివి ఫొటో స్టూడియో పెట్టిందని ఇంట్లో నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

గడువు చివరి రోజున ఒక పెద్దాయన టమోటా చేనికి వెళ్లాను. ఎత్తులో ఆయన చేను, దాని కింద తమ్ముడిది, ఇంకా కింద చెల్లెలిది. ముగ్గురికీ ఒకటే బోరు. నీళ్లు పై చేను తడిపి, కాలువలో కింది చేలకు దిగుతాయి. పెద్దాయన చేతిలో వేళ్లతో సహా పీకిన మొక్క ఒకటి ఉంది.

"పొద్దున బాగానే ఉంటాదమ్మా. మద్దేనానికి తల వాల్చేస్తాది. ఏమిటికంటావు?"

"ముందు దాన్ని కింద పెట్టి నిలబడు పెద్దాయనా, ఫొటో తీయాల."

ఆయన కింద పెట్టలేదు. అలాగే తీసేశాను. ఇంకా చాలామంది మిగిలారు, సిగ్నల్ వచ్చి పోతోంది. బండి స్టార్ట్ చేస్తూ, "ఎండకి వాలింటాది. నీళ్లు పెట్టు, లేస్తాది" అన్నాను. చదువుకున్న పిల్ల చెప్పిందని ఆయన తృప్తిగా తల ఊపాడు. నాకూ బాగానే అనిపించింది.

నాలుగో రోజు ఫోన్ చేశాడు. "పెట్టినానమ్మా. ఇంకొన్ని వాలినాయి. ఇంకా పెట్టాల్నా?"

మీటింగ్‌లో ఉన్నాను, వచ్చి చూస్తానన్నాను. వెళ్లలేదు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. తగ్గిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ ఊరి మలుపు దాటినప్పుడల్లా భయం వేసేది.

పది రోజులకు ఆయన ఫొటో పైనుంచి తిరిగొచ్చింది. చేతిలోని మొక్క మొహానికి అడ్డొచ్చిందట, మళ్లీ తీయాలట. పెద్దది చేసి చూశాను. ఆయన మొక్కను నావైపు చాచి పట్టుకున్నాడు. ఆకు పచ్చగానే ఉంది, మచ్చ లేదు, పండుబారలేదు, ఊరికే వాలిపోయింది. కాలేజీలో పరీక్షకు రాసిన పాఠమే. వడలు తెగులు. మట్టిలో ఉంటుంది, పారే నీటితో చేను నుంచి చేనికి పోతుంది.

వెంటనే బండి తీశాను. పెద్దాయన చేలో నిలబడిన మొక్కలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఒక కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో పట్టుకున్నాను. కోసిన చోటు నుంచి తెల్లటి దారం లాంటిది మెల్లగా కిందికి జారింది. తెగులు ఇదేనని చెప్పాను. నీళ్లు పెట్టమనడం నా తప్పేనని కూడా చెప్పాను.

ఆయన నన్ను తిట్టలేదు. కింది చేల వైపు చూశాడు. తమ్ముడి చేను సగం వాలిపోయి ఉంది. చెల్లెలి చేలో మాత్రం, అంత ఎండలోనూ, మొక్కలన్నీ నిటారుగా ఉన్నాయి.

"మేడం చెప్పిందని చెల్లెలికి నేనే చెప్పినానమ్మా, వాలకముందే నీళ్లు దండిగా పెట్టుకోమని," అన్నాడు.

అప్పుడు వినిపించింది మోటరు చప్పుడు. ఆపమని అరుస్తూ గట్ల మీద పరుగెత్తాను. కింద ఆయన చెల్లెలు పారతో కాలువ తెంచి నీళ్లు తన చేలోకి మళ్లిస్తోంది. నన్ను చూసి నవ్వి, చేయి ఊపింది. నీళ్లు అప్పటికే మొదటి సాలు దాటాయి.