బతికున్నవాళ్ళ కూడు

పోయిన నెలలో మా ఆవిడ సంవత్సరీకం జరిగింది. కోయంబత్తూరులో మా ఇంటి వెనక వరండాలో ఆకు పరిచి, వండినవన్నీ వడ్డించాక, మా కోడలు ఒక క్షణం ఆగి నా వైపు తిరిగి, "మామా, ఇప్ప ఏదావదు మందిరం సొల్లణుమా?" అని అడిగింది. ఏదైనా మంత్రం చెప్పాలా అని. ఆమె తమిళ కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. మా తెలుగు వింటే అర్థమవుతుంది గాని మాట్లాడాలంటే మొహమాటం. మంత్రమేమీ లేదమ్మా, రెండు మాటలున్నాయి, అంతే, అన్నాను. ఆ రెండు మాటలు చెప్పబోయాను. నాకు ఏడుపు రాలేదు. వచ్చింది ఒక పాత భోజనం జ్ఞాపకం. అది మా ఆవిడ గెలిచిన రోజు.

తమిళనాడులోని మన ఊళ్ళలో పుట్టి, బడిలో తమిళమూ ఉద్యోగంలో ఇంగ్లీషూ ఇంట్లో తెలుగూ మాట్లాడుతూ ముసలివాళ్ళమైన మనకు మన ఇంటి మాటల సంగతి ఎక్కువ వివరించక్కర్లేదు. మాది కోయంబత్తూరు పక్కన పత్తి పండించిన కుటుంబం, ఆవిడది మదురై దాటి వాడిపట్టి దగ్గర పల్లె. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక సొంతంగా నేర్చుకుని, ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. ఆవిడకు చివరిదాకా ఒక్క అక్షరం రాలేదు, ఆ లోటు ఆవిడకు ఎన్నడూ తోచలేదు. ఆవిడ తెలుగంతా వాళ్ళమ్మ నోటి నుంచి వచ్చింది. మా ఇళ్ళలో అన్నాన్ని కూడు అంటాం. చంటిపిల్ల తినేదీ కూడే, పెళ్ళికొడుకు తినేదీ కూడే. వియ్యంకులు గుమ్మంలో అడుగు పెట్టగానే కూడు తిందురు రాండని పిలవడం మా మర్యాద. అదే మాట ఇంకోచోట ఇంకోలా వినిపిస్తుందని మాకు తెలియదు. నేను పుస్తకాల్లో చూశాను గాని, ఇంట్లో చెప్పాలని తోచలేదు.

పెళ్ళయిన కొత్తలో, పంపుసెట్లు తయారుచేసే మా కంపెనీ నన్ను కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవికి పంపింది. ఒకప్పుడు చెరకు తప్ప వేరే పంట లేని నేల అది. ఆ తోటలు మూతపడ్డాక కూరగాయలు పండించాలని అక్కడివాళ్ళు బావులు తవ్వించుకున్నారు, వాటికి మా పంపులు బిగించాలి. నేను ముందు వెళ్ళాను. ఆవిడ కొన్ని నెలల తర్వాత వచ్చింది. ఆ మధ్యలోనే వాళ్ళమ్మ పోయింది. కర్మలు ముగించుకుని, కళ్ళు వాచిపోయి దిగినా, మాటలకు మాత్రం లోటు లేదు. ఇంటి ముందు అరటిచెట్టుతోనూ మాట్లాడేది, పక్కింటి కోళ్ళతోనూ మాట్లాడేది, అంతా తెలుగులోనే.

ఆ దీవిలో ఇంకొక తెలుగు కుటుంబం ఉందని తెలిసినప్పుడు ఆవిడ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఆంధ్ర డాక్టరుగారూ, ఆయన భార్యా. ఒక ఆదివారం వాళ్ళను భోజనానికి పిలిచాం. ముందురోజు నుంచే వంట. వాళ్ళు వచ్చి కూర్చున్నాక, ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, మా ఊళ్ళో ఎలా పిలుస్తామో అలాగే పిలిచింది.

"అక్కా, అన్నా, కూడు తిందురు రాండి. ఆరిపోతాది."

డాక్టరుగారి భార్య మొదట విననట్టు చూసి, తర్వాత పకపకా నవ్వింది. "కూడంటావా! మేమింకా బతికే ఉన్నామమ్మా. అప్పుడే పిండం పెట్టేస్తావా ఏంటి?" అంది. డాక్టరుగారూ నవ్వు ఆపుకోలేకపోయారు. "ఇదేం తెలుగండీ, అరవ తెలుగా?" అని ఆమె నన్నడిగింది. చెడ్డ మనిషి కాదు. వాళ్ళ వైపు ఆ మాట ఎవరినైనా తిట్టేటప్పుడో, పోయినవాళ్ళకు పెట్టేటప్పుడో తప్ప వినిపించదు, అందుకే నవ్వొచ్చింది. మా ఆవిడ కూడా నవ్వి వడ్డించింది. పులుసు బాగుందని వాళ్ళు రెండుసార్లు వేయించుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోముతూ, మనం అనేది తప్పా, అని అడిగింది. తప్పేమీ కాదు, పాత పుస్తకాల్లో ఉన్న మాటే, మంచి మాటే అన్నాను.

"పుస్తకం నాకెందుకండీ? ఆ అక్క నన్ను చూసి నవ్వలా. మా అమ్మని చూసి నవ్వినాది."

ఆ తర్వాత ఆవిడ తెలుగు మాట్లాడటం మానేసింది. నాతో తమిళం, మిగతావాళ్ళతో తలాడించడం. అరటిచెట్టుతో మాటలు ఆగిపోయాయి. తినడం కూడా తగ్గింది. పళ్ళెంలో కాస్త వేసుకుని, కెలికి, లేచిపోయేది. మనిషి సన్నబడింది. ఒకరోజు సాయంత్రం, నన్ను ఊరికి పంపించేయండి, మీరు పని ముగించుకుని నిదానంగా రాండి అంది. అంతా తమిళంలోనే అంది. నా పని ముగియడానికి ఇంకా చాలా కాలముంది. ఆవిడ వెళితే అది అంతటితో ఆగదనీ, ఇక ఎక్కడికీ నాతో రాదనీ, పరాయిచోటికి తాను పనికిరానని పుట్టింట్లో కూర్చుండిపోతుందనీ నాకు తెలుసు. అయినా బలవంతంగా ఉంచడం మంచిది కాదు కదా. కొత్త పంపులు ప్రారంభించిన వెంటనే టిక్కెట్టు తీస్తానని మాటిచ్చాను.

ఆ ప్రారంభం రోజున రైతులంతా కలిసి మాకు భోజనం ఏర్పాటు చేశారు. పాత చెరకు తోట మధ్యలో దొర ఉండిన బంగళా ఒకటుంది, అప్పటికి అది భోజనశాల అయింది. ఎత్తైన రాతి స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు, చుట్టూ వరండా, గాలికి తెరుచుకునే చెక్కరెక్కల కిటికీలు. నేల మీద నడిస్తే కిర్రుమనేది. ఆ ఇల్లు నడిపేది ఒక పెద్దావిడ. రంగూ పోలికా చూస్తే మదురై దగ్గర తిరుమంగళం సంతలో ఆకుకూరలమ్మే మనిషే అనుకుంటాం. నోరు తెరిస్తే ఆ దీవి ఇంగ్లీషు. వాళ్ళ ముత్తాతలను మద్రాసు రేవు నుంచి చెరకు కొట్టడానికి ఓడలో తెచ్చారట. ఆ రోజుల్లో కూలీలు బంగళా ముందు మెట్లు ఎక్కకూడదు, వెనకవైపు నిలబడి పిలిస్తే పలకాలి. తోటలు మూతపడ్డాక, పాడుబడిన ఆ ఇంటిని వాళ్ళ నాన్న కొన్నాడు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు మెట్ల మీదుగానే రావాలని ఈవిడ నియమం. సరుకులు తెచ్చే మనిషి వెనకనుంచి వస్తే కేకలేసి ముందుకు పంపించడం నేనే చూశాను.

డాక్టరుగారూ, వారి భార్యా వచ్చారు. మా ఆవిడ ఎవరి పక్కనా కూర్చోకుండా వంటగది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. వంటలు ఒక్కొక్కటే వచ్చి పక్క బల్ల మీద చేరుతున్నాయి: కొబ్బరిపాలల్లో ఉడికించిన సీమపనస, గుమ్మడికాయ కూర, ఆకులో చుట్టి కాల్చిన చేప, పచ్చికందులు వేసి వండిన అన్నం. కందుల అన్నం చూసి ఆవిడ కాస్త ముందుకు వంగింది. మా వైపూ కందులు కాసే రోజుల్లో అలాగే వండుతారు.

ఎవరికీ వడ్డించకముందు పెద్దావిడ ఒక చిన్న అరటాకు ముక్క తీసుకుని, దాని మీద మొదటి గరిటె అన్నం పెట్టి, వంటగది కిటికీ గట్టు మీద ఉంచి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. ఆ ఇంట్లో రోజూ జరిగేదే, ఎవరూ పట్టించుకోలేదు. మా ఆవిడ మాత్రం చటుక్కున లేచి నిలబడింది.

"ఏమంటిరి? ఇంకోతూరి చెప్పండి," అంది. ఎన్నో వారాల తర్వాత ఆవిడ నోట తెలుగు విన్నాను.

పెద్దావిడకు భాష అర్థం కాలేదు గాని అడుగుతున్నది అర్థమైంది. గుడిలో మంత్రం చెప్పినట్టు, అంతా ఒక్క మాటలాగా కలిపి చెప్పింది: "కూడుదిన్‌తాతా, కూడుదిన్‌అవ్వా."

అది మా దేవుళ్ళ పేర్లు, మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది, అని ఇంగ్లీషులో నాకు వివరించింది.

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "దేవుడు గాదు, అవ్వా. కూడు తిను తాతా. కూడు తిను అవ్వా. అంతే. వాళ్ళు ఆకలిగా ఉండారు, తినమని మీరు పిలస్తా ఉండారు." నా వైపు తిరిగి, "నిలబడి చూస్తారే? చెప్పండి ఆమెకి," అంది.

చెప్పాను. పెద్దావిడ వంటవాళ్ళందరినీ పిలిచి, ఇన్నాళ్ళూ మనం దండం పెడుతున్నామనుకున్నాం, కాదట, రా, వచ్చి తిను అంటున్నామట, అని చెప్పి పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను పుస్తకాల్లో ఎంత చదివినా ఆ మాటకున్న బలం ఆరోజు దాకా నాకు తెలియదు. అక్షరం రానివాళ్ళు సముద్రం దాటించారు దాన్ని. అర్థం జారిపోయినా మాట జారిపోలేదు.

ఇదంతా బల్ల దగ్గర నుంచి చూస్తున్న డాక్టరుగారి భార్య పళ్ళెం పట్టుకుని లేచి వచ్చింది. మొహంలో కాస్త సిగ్గు, కాస్త నవ్వు. "ఏమ్మా, నాక్కూడా పెడతావా కొంచెం కూడు?" అంది.

మా ఆవిడ గరిటె అందుకుంది. "రాండక్కా, రాండి. మేము బతికుండేవాళ్ళకూ పెడతాం," అంది.

డాక్టరుగారు పగలబడి నవ్వారు. ఆయన భార్య ఆయనకంటే గట్టిగా నవ్వింది. ఆరోజు అందరికీ మా ఆవిడే వడ్డించింది, ప్రతి పళ్ళెం దగ్గరా ఆ మాటే అంటూ. రైతులు, వంటవాళ్ళు, పంపులు చూడటానికి వచ్చిన అధికారులు అందరూ తిరిగి అదే మాట అంటూ తిన్నారు. చివరికి మా ఆవిడా ముందు వరండాలో మెట్ల మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చేత్తో కలుపుకుని కడుపునిండా తింది. తిని, చెయ్యి కడుక్కుంటూ, "టిక్కెట్టు వద్దులేండి. ఇక్కడ మనవాళ్ళుండారు," అంది. తెలుగులో అంది.

పని ముగిసేదాకా ఆవిడ నాతోనే ఉంది. వారానికోసారి ఆ బంగళాకు వెళ్ళి వాళ్ళమ్మ పెట్టే పులుసు పెట్టి వచ్చేది. వరండాలో ఆరోజు వంటకాలు రాసే పలక మీద పెద్దావిడ అన్నం ఉన్నచోట ఇంగ్లీషు అక్షరాల్లో కూడు అని రాయడం మొదలుపెట్టింది. అదేమిటని అడిగినవాళ్ళకు కథంతా చెప్పేది. చెప్పినప్పుడల్లా అది కాస్త పెరిగేది. ఆ తర్వాత మేము ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎవరింటికెళ్ళినా, మా ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లలు సాదం అంటారు, రైస్ అంటారు, ఒక్కోసారి ఏమీ అనకుండా ఫోను చూస్తూ తినేస్తారు. వాళ్ళను తప్పుపట్టను, ఆకలి తీరడానికి ఏ మాటైనా సరిపోతుంది. దీవిలో అర్థం పోవడానికి తరాలు పట్టింది, మా ఇంట్లో నా కళ్ళముందే పోతోంది. అర్థమే పోతే, మాటొక్కటీ మిగిలినా అది మంత్రమే అవుతుంది, కిటికీ గట్టు మీద అన్నం పెట్టి కళ్ళు మూసుకోవడమే మిగులుతుంది.

అందుకని కోడలికి మాట చెప్పి ఊరుకోలేదు. అర్థమూ చెప్పాను. విని, ఆకు వైపు తిరిగి, తమిళ యాసతో, మా ఆవిడ వంటింట్లోంచి పిలిచినంత గట్టిగా పిలిచింది: "కూడు తిందురు రాండి, అత్తా. ఆరిపోతాది."

ఆరిపోతాదన్న మాట నేను నేర్పలేదు.