రత్నమణి గారి రైఫిల్ కోసం కొలరాడోకి

ఏప్రిల్ రెండో సోమవారం మధ్యాహ్నం రెండు పదికల్లా నేపర్‌విల్ స్టేషన్ చేరుకున్నాను. కాలిఫోర్నియా వెళ్ళే రైలు రెండున్నర దాటాక రావాలి, మూడు ఇరవైకి వచ్చింది. ఒక చిన్న సూట్‌కేసు, భుజానికి ఒక సంచి. సంచిలో నాలుగు చపాతీలు, బీపీ మాత్రలు, ఒక నోట్‌బుక్. ఆ నోట్‌బుక్‌లో అప్పటికే అరవై పేజీలు నిండాయి, అన్నీ రైఫిల్ కాలిబర్లు, అంటే తూటా కొలతల గురించే.

నేను వేటగాణ్ణి కాదు. కౌంటీ రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో సర్వేయర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. గుంటూరు కాలేజీలో ఎన్.సి.సి. రోజుల్లో పదిహేను తూటాలు కాల్చాను. నా అనుభవం అంతే.

రత్నమణి గారు చికాగోలో నర్సుగా ఉన్నప్పటినుంచి మా తెలుగు చర్చి మనిషి. ఆవిడ భర్త దేవదానం నా స్నేహితుడు. రిటైరయ్యాక ఉన్న ఇల్లు అమ్మేసి, కొలరాడో తూర్పు మైదానంలో నలభై ఎకరాలు కొని మేకల్ని పెట్టాడు. మేమంతా నవ్వాం. రెండేళ్ళు తిరక్కుండానే డెన్వర్ నుంచి మనవాళ్ళు వరసకట్టి వచ్చి మేకపోతులు కొనుక్కెళ్ళారు. మూడేళ్ళ కిందట అతను పోయాడు. అరవై మేకలతో ఆవిడ ఒక్కరే ఉండిపోయారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆవిడ ఫోన్ చేశారు.

"ప్రసాదరావు గారూ, ఈసారి పుట్టిన పిల్లల్లో తొమ్మిదింటిని కయోటీలు ఎత్తుకుపోయాయండీ. కుక్క ముసలిదైపోయింది, అరుస్తుంది గానీ లేవదు. గన్ కొనాలి. ఇక్కడ ఎవర్నడిగినా తమ గన్నే గొప్పదంటారు. మీరైతే పుస్తకం రాసి మరీ తేలుస్తారు."

కయోటీ నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది. తెల్లవారుతుండగా వస్తుంది. నేను నవ్వబోయేలోపు ఆవిడ ఇంకో మాట అన్నారు.

"నా కుడి భుజానికి ఆపరేషన్ అయిన సంగతి తెలుసుగా. నేను కాల్చగలిగే గన్‌తో పని జరిగితే ఇక్కడే ఉంటాను. జరగదంటే మేకల్ని అమ్మేసి నేపర్‌విల్ వచ్చేస్తాను. రెండిట్లో ఏదో మీరే తేల్చండి."

ఆ తర్వాత రెండు నెలలు కాలిబర్లు చదివాను. అదే రెండు నెలల్లో మా వీధి చివర ఖాళీగా ఉన్న అపార్ట్‌మెంట్‌ను రెండుసార్లు చూసివచ్చాను. మా గుమ్మం నుంచి ఆరు నిమిషాల నడక. నా భార్య పోయి ఎనిమిదేళ్ళయింది.

రైల్లో కిటికీ సీటు దొరికింది. మామూలు సీటే ఒక మనిషి పడుకునేంత వెనక్కి వాలుతుంది, పడక టికెట్ అవసరం లేదు. దుప్పటి మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. సాయంత్రం ఆరింటికి కాఫీ కోసం రైలు కింది అంతస్తులో ఉన్న కాంటీన్‌కి దిగాను. ఎదురుగా కూర్చున్న అయోవా రైతు నా నోట్‌బుక్ చూసి, "కయోటీకా? 22-250 కొను. ఇంకేం చదవకు" అన్నాడు. పక్క బల్ల దగ్గర ఉన్న పెద్దావిడ తల తిప్పకుండానే, "కొలరాడో గాలికి అది ఎగిరిపోతుంది. 243 కొను" అంది. వాళ్ళిద్దరికీ పరిచయం లేదు. నేను కాఫీ ముగించి లేచేసరికి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

నా నోట్‌బుక్‌లోనూ చివరికి మిగిలినవి మూడే. 223కీ 22-250కీ తూటా మందం ఒకటే. రెండోదాంట్లో మందు ఎక్కువ, కాబట్టి వేగం, చప్పుడు, వేడి అన్నీ ఎక్కువ. 243 తూటా బరువైనది, దూరం ఎంతున్నా గాలికి పెద్దగా పక్కకి పోదు, కానీ భుజాన్ని గట్టిగా తంతుంది. 223 తన్ను తక్కువ, దాని తూటాలు ప్రతి షాపులోనూ దొరుకుతాయి. అంచేత అన్నిటికన్నా ముందు తేలాల్సింది దూరం. మేకల షెడ్ నుంచి కయోటీలు దిగే గట్టుకి మూడొందల గజాలని దేవదానం ఎప్పుడూ అనేవాడు.

మర్నాడు తెల్లవారుజామున, గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుని, ఐదు ముప్పావుకి ఫోర్ట్ మోర్గాన్‌లో దిగాను. నాతోపాటు ఇంకొకరు దిగారు. రత్నమణి గారు పికప్‌లో కూర్చుని ఉన్నారు. తలకి ఊలు టోపీ, కాళ్ళకి బురద బూట్లు. "చపాతీలు తిన్నారా, దాచుకున్నారా?" అని అడిగారు మొట్టమొదట.

దేవదానం ఉన్నంతకాలం ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేవారు. ఈమధ్య పేరు పెట్టి పిలుస్తున్నారు. ఎప్పుడు మారిందో తెలుసుకుందామని పాత డైరీలు వెతికాను. వాటిలో రాసి లేదు.

ఊళ్ళో నేను మోటెల్‌లో రూమ్ బుక్ చేసుకున్నాను. ఆవిడ ఇంట్లో మూడు గదులున్నాయి. ఎందుకు బుక్ చేశారని ఆవిడ అడగలేదు, అక్కర్లేదని కూడా అనలేదు. ఇక్కడ అద్దె కారు దొరకడం కష్టం, వెళ్ళేవారు ముందే చూసుకోవాలి. నాకు మాత్రం ఆవిడ దేవదానం పాత ట్రక్కు తాళాలు ఇచ్చారు. మోటెల్ నుంచి ఫార్మ్‌కి ముప్పై అయిదు నిమిషాలు. దారిలో చెట్టు కనపడదు. గాలి మాత్రం బండిని పక్కకి తోస్తూనే ఉంటుంది.

ఆ రోజంతా మేకల్ని చూశాను. ఆవిడ ఒక్కొక్కదాన్నీ పేరుతో పిలిచి చూపించారు. మూడు రోజుల పిల్లనొకదాన్ని నా ఒళ్ళో పెట్టి సీసాతో పాలు పట్టమన్నారు. షెడ్ వెనక తలుపు తీసి, ఎదురుగా పల్లం దాటాక ఉన్న మట్టిగట్టు చూపించారు. "అక్కణ్ణుంచే దిగుతాయి. వెనక గట్టు ఉంది కాబట్టి తూటా ఎటూ పోదు. ఎక్కువ దూరం అనేదే బెంగ."

మధ్యాహ్నం గోంగూర వేసిన మేక మాంసం, అన్నం. తింటుండగా గోడకున్న కేలండర్ చూపించారు. జూన్ మొదటి వారం చుట్టూ పెన్సిల్‌తో గీత. "అమ్మాలంటే అప్పుడు. కొనేవాడు రెడీగా ఉన్నాడు" అన్నారు. నేను ఇంకో ముద్ద అన్నం పెట్టించుకున్నాను.

బుధవారం ఆరు నలభైకి ఫార్మ్ చేరాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. తలుపు తట్టకుండా షెడ్ వెనక్కి వెళ్ళి, గడప దగ్గర మడమ ఆనించి గట్టు వైపు నడిచాను. నా అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. ముప్పై ఏళ్ళు దానిమీదే బతికాను. గట్టు పైకి నూట ఎనభై మూడు అంగలు పడ్డాయి. తిరిగి వస్తూ మళ్ళీ లెక్కపెట్టాను. నూట ఎనభై రెండు.

అంటే నూట యాభై రెండు గజాలు. దేవదానం చెప్పినదాంట్లో సగం. గడ్డి రంగులో కలిసిపోయే చిన్న జంతువు, చీకటి విడీవిడని వెలుతురులో ఉన్న దూరం కన్నా దూరంగా కనిపిస్తుంది. అతను ఎన్నడూ నడిచి చూసి ఉండడు.

షెడ్ గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. నూట యాభై గజాలకి 223 చాలు. మూడొందలైతే చాలదు. నోట్‌బుక్ తీసి రాసుకోబోయి, రాయకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. లోపలికి వెళితే ఆవిడ ఉప్మా పెట్టారు. గాలి ఎలా ఉందని అడిగారు. ఎక్కువగానే ఉందన్నాను.

పదింటికి పొరుగు రైతు డ్వేన్ మూడు రైఫిళ్ళతో వచ్చాడు. అరవై దాటిన భారీ మనిషి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నోట్‌బుక్‌తో వచ్చింది నువ్వేనా! ప్రొఫెసర్, కయోటీకి పరీక్ష పెడతావా?" అన్నాడు.

"పాస్ మార్కులు రావు దానికి" అన్నారు రత్నమణి గారు.

అట్టముక్కని గట్టు మీద పెట్టడానికి బయల్దేరుతూ, "మీ ఆయన మూడొందలు అనేవాడుగా?" అన్నాడు డ్వేన్.

"అవును, మూడొందలే" అన్నారు ఆవిడ.

డ్వేన్ చెప్పింది నా పుస్తకంలో ఉన్నదే. మూడొందల గజాలకి ఈ గాలిలో 223 తూటా మూరెడు పక్కకి పోతుంది. కయోటీ ఛాతీ వెడల్పు జానెడు. "నీకు 243 కావాలి, రాట్నా. ఇంకో దారి లేదు" అని దాన్ని ఆవిడ చేతికిచ్చాడు. రత్నమణి అనడం అతని నోటికి తిరగదు.

ఆవిడ గడ్డిమోపు మీద ఆనించి, చెవులకి రక్షణ సరిచేసుకుని, కాల్చారు. అట్టముక్క కదల్లేదు. ఆవిడ రైఫిల్ నెమ్మదిగా పక్కన పెట్టి, ఎడమ చేతిని కుడి భుజం మీద వేసుకున్నారు. మొహం పాలిపోయింది. రెండోసారి తీసుకోబోయి, చెయ్యి ఎత్తలేక ఆగిపోయారు.

"సరేనండి" అన్నారు నావైపు తిరిగి. "అయితే జూన్‌లో అమ్మేద్దాం. మీ చర్చి పక్కన ఏదో ఒక రూమ్ చూసిపెట్టండి."

ఆ మాట కోసం నేను రెండు నెలలుగా ఎదురుచూశాను. ఇప్పుడు చేయాల్సిందల్లా తల ఊపడమే. ఆవిడ చూపు నామీద లేదు. దొడ్డిలో పిల్లలు తల్లుల పొదుగుల్ని కుమ్ముతున్నాయి, అటు చూస్తున్నారు.

"నూట యాభై రెండు" అన్నాను.

"ఏంటి?" అన్నాడు డ్వేన్.

"గజాలు. ఇక్కడ్నుంచి గట్టుకి. మూడొందలు కాదు."

డ్వేన్ టోపీ తీసి గట్టుకేసి చూశాడు. తర్వాత పైకి లెక్కపెడుతూ పెద్ద పెద్ద అంగలతో నడుచుకుంటూ వెళ్ళాడు. పల్లంలో సగం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అక్కణ్ణుంచే నవ్వుతూ అరిచాడు. "రాట్నా, మీ ఆయన చేపలు పట్టేవాడా? వాళ్ళే పట్టిన చేపని ఇలా రెట్టింపు చేసి చెబుతారు!"

అట్టముక్క తిన్నగా పెట్టి వచ్చి 223 అందించాడు. కుడి భుజం నొప్పిగా ఉందని ఆవిడ ఎడమ భుజానికి మార్చుకున్నారు. అలవాటు లేని ఆ భుజం 243 తన్నుకి ఆగదు గానీ దీనికి ఆగుతుంది. అంత దగ్గర్లో గాలి తూటాని రెండు మూడు వేళ్ళ మేర తోస్తుంది, అంతే. మూడు తూటాలు కాల్చారు. డ్వేన్ తెచ్చి చూపించిన అట్టలో మూడు చిల్లులూ ఒక చిన్న సాసర్ కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. ఆవిడ ఆ అట్టని పట్టుకుని, మూడు పిల్లల్ని ఈనిన మేక దగ్గరకెళ్ళి చూపించారు. "చూడవే! ఇంకెవడొస్తాడో రానీ" అన్నారు. ఆవిడ అంత గట్టిగా నవ్వడం దేవదానం పోయాక నేను వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం ఊళ్ళో గన్ షాపుకి వెళ్ళాం. తక్కువ బరువున్న 223, గురి చూసే మామూలు స్కోప్ ఒకటి ఎంచుకున్నాం. తూటాల్లో తేలికైనవి, నేలకి తగిలితే ముక్కలైపోయేవి తీసుకోమని నా నోట్‌బుక్ చూసి చెప్పాను. కౌంటర్ దగ్గరి మనిషి నన్ను చూసి, "మీ ఆవిడకా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు, "ఫ్రెండ్" అన్నారు ఆవిడ. కొలరాడోలో డబ్బు కట్టాక మూడు రోజులు ఆగితేగానీ గన్ చేతికివ్వరు. నా రైలు ఆ సాయంత్రమే.

స్టేషన్‌కి ఎనిమిదికి వచ్చాం. పడమట ఇంకా కాస్త వెలుతురు మిగిలి ఉంది. రైలు అరగంట ఆలస్యం. పికప్‌లో హీటర్ వేసుకుని కూర్చున్నాం. ఆవిడ అన్నం, వేపుడు ఉన్న డబ్బా నా చేతికిచ్చారు.

"పొద్దున్న మీరు కొలవడం కిటికీలోంచి చూశాను" అన్నారు. "డ్వేన్ వచ్చేదాకా చెప్పలేదేం?"

"ఇంకోసారి సరిచూసుకుందామని."

"రెండుసార్లు నడిచారుగా."

నేను అన్నం డబ్బా మూత నొక్కి సరిచేశాను. ఆవిడ అద్దం మీద పట్టిన ఆవిరిని చేతి తొడుగుతో తుడిచారు. రైలు దీపం దూరంగా కనిపించాక, "అక్టోబర్‌లో రెండో మంద ఈనుతుంది" అన్నారు. "అప్పుడు పని ఎక్కువ ఉంటుంది." రమ్మని అనలేదు. దిగి సూట్‌కేసు ఆవిడే అందించారు.

పొద్దున్న అయోవాలో నిద్రలేచాను. పదకొండు దాటాక మిసిసిపీ నది మీదుగా వచ్చాం. పక్క సీట్లోకొచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఎక్కణ్ణుంచి వస్తున్నానని అడిగింది. చెప్పాను. "అక్కడ చూడ్డానికి ఏముంది?" అంది. గడ్డి, గాలి, ఆకాశం ఉన్నాయన్నాను. వెళ్ళాలనుకునే వారికి ఏప్రిల్, మే మంచివి. గాలికి తట్టుకునే కోటు ఉండాలి. రెండు రోజులు చాలు అని చాలామంది అంటారు. నాకు చాలలేదు.

ఇన్నేళ్ళూ నేను ఎవరింటికి వెళ్ళినా ఏదో పని మీదే వెళ్ళాను. సరిహద్దు కొలవడానికో, కాగితాలు నింపడానికో, పెళ్ళికో, సమాధికో. రత్నమణి గారికి గన్ కుదిరింది. అక్కడ ఇక నేను తేల్చాల్సింది ఏమీ లేదు. పని లేకుండా ఒకరింటికి ఎలా వెళ్ళాలో నాకు తెలియదు. అక్టోబర్‌లో వెళ్ళి మేకపిల్లకి సీసా పట్టుకుని కూర్చోవడం పనిలోకి వస్తుందా అని నది దాటినప్పటినుంచీ ఆలోచించాను.

రెండు గంటల పది నిమిషాలకి నేపర్‌విల్‌లో దిగాను. బయటికి వెళ్తూ కౌంటర్ దగ్గర ఆగి, అక్టోబర్ మొదటి వారం ఫోర్ట్ మోర్గాన్‌కి టికెట్ కావాలన్నాను. లోపలి అమ్మాయి వెళ్ళే తేదీ రాసుకుని, తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగింది. నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు.

అది ఇంకా తెలియదన్నాను.