గుర్తు తెలియనివాళ్ల పుస్తకం

టైలరమ్మకు చచ్చినవాళ్లతో పని పడుతుందని ఎవరూ అనుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆమె పని బతికున్నవాళ్ల కొలతలు తీయడం, చెప్పిన రోజుకి బట్టలు ఇవ్వకపోవడం, ఇవ్వనందుకు అడగవచ్చినవాళ్లనే గదమాయించడం. అలాంటి మనిషి ఆ ఏడాది రెండు నెలలపాటు ప్రతి మంగళవారం దుకాణం మూసేసి, మున్సిపల్ ఆఫీసు వెనక గదిలో పాత మరణాల రిజిస్టర్లు తిరగేస్తూ కూర్చుంది. ఆస్తి తగాదా కాబోలని వీధిలో గుసగుసలు పోయారు. ఆస్తీ లేదు, పాడూ లేదు. ఆమె వెతుకుతున్న తాత వెనక వదిలినవి మూడే ప్రాణాలు, భార్యా, తొమ్మిదేళ్ల కూతురూ, కడుపులో బిడ్డా.

ఆ కూతురు టైలరమ్మ తల్లి. ఆ బిడ్డ ఆమె మేనమామ. అరవై ఆరేళ్ల కిందట కుటుంబం ఈ ఊరికి కొత్తగా వచ్చి, గూడ్సు పట్టాల దగ్గర గిడ్డంగుల వీధిలో అద్దెకి దిగింది. నెల తిరక్కముందే, అమ్మమ్మకి నెలలు నిండి ఉండగా, పని వెతుక్కొస్తానని తాత బయల్దేరాడు. మళ్లీ రాలేదు. రెండో బిడ్డ బరువుకి జడిసి పారిపోయాడని చుట్టుపక్కలవాళ్లు తేల్చేశారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. వస్తే ఇల్లు ఎలా తెలుస్తుందని, పైకప్పు కారుతున్నా ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ అద్దె ఇల్లు మారకుండా అక్కడే పోయింది.

మావయ్య మాత్రం ఒప్పుకున్నాడు. నేను పుడతాననే పోయాడు అన్న మాట చిన్నప్పుడే వాడి మనసులో నాటుకుపోయింది. లారీ డ్రైవరై దేశమంతా తిరిగాడు, పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఆ రక్తం నాతోనే ఆగిపోనీ అనేవాడు. తండ్రి ప్రస్తావన వస్తే చాలు, బూతులు లంకించుకునేవాడు. అక్క పక్కనే కూర్చుని, పైట చెంగు వేలికి చుట్టుకుంటూ వినేది.

ఇప్పుడు వాడి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. ఆసుపత్రిలో చేర్చుకుని, ఇక రెండు మూడు నెలలేనని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు మావయ్య మేనకోడలి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆయన ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో కనుక్కోవే. నన్ను వదిలించుకుని ఎక్కడో బతికాడా, నన్ను చూడకుండానే పోయాడా, అదొక్కటి తెలిస్తే చాలు."

ఆ పని టైలరమ్మ అమ్మకి సుతరామూ ఇష్టం లేకపోయింది. పోయినవాణ్ణి తవ్వి ఏం బావుకుంటావని సాధించింది. మంగళవారం తెల్లారిందంటే ఆవిడకి ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టేది. ఒక వారం మోకాలు, ఒక వారం నడుము, ఒక వారం చెవి. తండ్రి మీద కోపం ఇంకా చల్లారలేదని టైలరమ్మ సరిపెట్టుకుంది. పొయ్యి మీది గిన్నె దించి, తల్లి మోకాలికి మందు రాసి, చెప్పులేసుకుని వెళ్లిపోయేది.

రికార్డు గదికి ఒక గుమాస్తా ఉన్నాడు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసమే బల్లంతా తడుముకునే మనిషి. మొదటి రెండు వారాలు ఆమెను ఈగని చూసినట్టు చూశాడు. మూడో వారం ఒక రిజిస్టరు చేతిలోనే విచ్చుకుపోయి కాగితాలు జారాయి. కుట్టు ఊడిన వస్తువు కనబడితే టైలరమ్మకి చేతులు ఊరుకోవు. సంచీలోంచి దబ్బనం, దళసరి దారం తీసి, పాత రంధ్రాల్లోంచే దాన్ని మళ్లీ కుట్టి ఇచ్చింది. నాలుగో వారం ఆయన మరో ఆరు రిజిస్టర్లు బల్లమీద పేర్చి, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడ్డాడు. ఆమె వాటినీ కుట్టింది.

తాత పేరున్నవాళ్లు ముగ్గురు దొరికారు. ఒకడు చంటిబిడ్డ, ఒకరు ఎనభై ఏళ్ల ముసలాయన, మూడోవాడు పాము కరిచిన గొర్రెల కాపరి. ఏడో వారానికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు గుమాస్తా నసుగుతూ ఒక సంగతి చెప్పాడు. పేరు తెలిసినవాళ్లనే ఈ రిజిస్టర్లలో రాస్తారట. తెలియనివాళ్లకి వేరే పుస్తకం ఉందట, దాన్ని ఎవరూ అడగరట. అడగాలని తెలిస్తే కదా నాయనా ఎవరైనా అడగడానికి, ఆ ముక్క ఏడు వారాల కిందట నోట్లోంచి ఊడిపడలేదే అని ఆమెకి ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగించి పుస్తకం అందుకుంది.

పల్చటి పుస్తకం. పేరు ఉండాల్సిన చోట అంకెలు. దొరికిన చోటు, సుమారు వయసు, ఒంటిమీది బట్టలు. మావయ్య పుట్టిన నెల తీసి చదువుకుంటూ పోయింది. నలభై ఒకటో అంకె దగ్గర వేలు ఆగింది. తొమ్మిదో తేదీ, గూడ్సు పట్టాల పక్కన మగ మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. ముఖం దెబ్బతింది. చేతికుట్టు తెల్లచొక్కా, జేబు కుడివైపు.

ఆమె ఆ చివరి ముక్క మళ్లీ చదివింది. దర్జీ అన్నవాడు చొక్కాకి జేబు ఎడమవైపు వేస్తాడు. తనకి కుట్టు నేర్పిన అమ్మమ్మ, మీ తాతది పుర్రచెయ్యే, అందుకని ఆయన చొక్కాలన్నిటికీ జేబు కుడివైపు వేసేదాన్ని అని ఎన్నిసార్లు చెప్పిందో. మావయ్య పుట్టింది పదో తేదీ సాయంత్రం. చూడకుండానే పోయాడు. ఇంటికి కూతవేటు దూరంలో, బిడ్డ పుట్టడానికి ముందురోజే పోయాడు.

ఎగిరి గంతేయాల్సిన మనిషి, చివరి గడి చదివి పుస్తకం మూసేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ల గడి అది. పదకొండో తేదీన గిడ్డంగుల వీధి నుంచి పొరుగింటి మనిషి, తొమ్మిదేళ్ల ఆడపిల్లని తీసుకొచ్చాడు. తన తండ్రి కాదని పిల్ల చెప్పింది. ఆ సాయంత్రమే పూడ్చారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది. టైలరమ్మ ఎదురుగా కూర్చుని, చొక్కా జేబు సంగతి ఒక్కటే చెప్పింది. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"అమ్మ పురిట్లో ఉంది. ఆ పక్కింటాయనకి నాన్న ముఖం సరిగ్గా తెలియదు. అందుకని నన్ను తీసుకెళ్లాడు," అంది. "దుప్పటి తీయకముందే కళ్లు మూసేసుకున్నాను. కాదంటే బయటికి పంపేస్తారనుకున్నాను."

"మరి అమ్మమ్మకి చెప్పలేదా?"

"సరిగ్గా చూశావా అని అడిగింది. చూశానన్నాను. నన్ను గుండెలకి హత్తుకుంది. అమ్మ ముఖంలో అంత సంతోషం మళ్లీ ఎన్నడూ చూళ్లేదే. ఆ తర్వాత ఏ నోటితో చెప్పను?"

టైలరమ్మకి కోపం ముంచుకొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల మీద కాదు, పాతికేళ్ల, నలభై ఏళ్ల, డెబ్బై ఏళ్ల మనిషి మీద. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చిక్కుళ్ల గిన్నె తీసుకెళ్లి గట్టు మీద విసురుగా పెట్టింది. తర్వాత తల్లి చీర కుచ్చిళ్లు తనే సర్ది ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అమ్మ మంచం కమ్మీ పట్టుకుని, నిలబడే మొత్తం చెప్పింది. మావయ్య తేదీ రెండుసార్లు అడిగాడు. తను అప్పటికి ఇంకా పుట్టలేదని అర్థమయ్యాక ఒక్క క్షణం వాడి ముఖం తేటపడింది. ఆ వెంటనే అక్కవైపు చూశాడు.

"నేను ఆయన్ని తిట్టినప్పుడల్లా నువ్వు పక్కనే ఉన్నావక్కా."

"ఉన్నాను."

"పెళ్లి వద్దన్న రోజు కూడా ఉన్నావు."

"ఉన్నాను, తమ్ముడూ."

వాడు మేనకోడలితో, మీ అమ్మని బయటికి తీసుకెళ్లు అన్నాడు.

అమ్మ బయటికెళ్లింది గానీ ఇంటికి వెళ్లలేదు. రోజూ పొద్దున్నే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది. లోపల మావయ్యకి ఇప్పుడు తండ్రి గురించే ధ్యాస. పొడుగ్గా ఉండేవాడా, పాడేవాడా, కోపిష్ఠా, పుర్రచేత్తోనే తినేవాడా? ఆ మనిషిని ఎరిగినవాళ్లు భూమ్మీద ఒక్కరే మిగిలారు, ఆ ఒక్కరూ గోడకి అవతల ఉన్నారు. పిలవనా అంటే వాడు ముఖం తిప్పుకునేవాడు. టైలరమ్మ ఒక ప్రశ్న పట్టుకుని వరండాలోకి, ఒక జవాబు పట్టుకుని లోపలికి కాళ్లు పీకేలా తిరిగింది. జవాబులు ఎక్కణ్ణించి వస్తున్నాయో వాడికి తెలుసు. అయినా అడుగుతూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అమ్మే కూతుర్ని చెయ్యి పట్టి ఆపింది.

"వాడు అడగనిది ఒకటుంది. నాన్న రోజూ అమ్మ కడుపు మీద చెవి పెట్టి వాడితో మాట్లాడేవాడు. తొందరగా రారా, నీకోసం చూస్తున్నాను అనేవాడు. వెళ్లి చెప్పు."

టైలరమ్మ లోపలికి పరుగెత్తింది. మావయ్య పొద్దుటి నుంచి మగతలో ఉన్నాడు, ఇప్పుడు ఊపిరి ఎగశ్వాసగా ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. గట్టిగా మళ్లీ చెప్పింది. వాడి కనురెప్ప కూడా కదల్లేదు. కాసేపటికి నర్సు వచ్చి నాడి చూసి, వాడి చెయ్యి మెల్లగా దుప్పటి మీద పెట్టింది.

వరండాలో అమ్మ లేచి నిలబడి ఉంది.

"విన్నాడా?" అంది.

విన్నాడమ్మా అన్న మాట టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఇలాంటి ఒక్క ముక్కతోనే కదా అమ్మమ్మ బతుకూ మావయ్య బతుకూ తెల్లారిపోయాయి అనుకుంది. తల్లి భుజం గట్టిగా పట్టుకుంది.

"వినలేదమ్మా," అంది.