సంతకం పెట్టినాయన

షార్జాలోని రోలా నుంచి దుబాయ్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక ఫ్రెంచి పెద్దాయన కూర్చున్నాడు. కొన్నాళ్లు మంత్రిగా చేసి, మళ్లీ మన కలెక్టరులాంటి ఉద్యోగానికే వచ్చి రిటైరయ్యాడట. నేను నర్సునని తెలిశాక, కరోనాలో తన భార్య పోయిందన్నాడు.

"చివరిచూపైనా దక్కిందా సార్?"

"లేదు. రోగుల దగ్గరికి ఎవరినీ వదలొద్దన్న ఆర్డరు మీద సంతకం నాదే."

నేనూరుకుంటానా? "అయితే ఏం? మా దగ్గర కలెక్టరు కారు కనబడితే చాలు, గేట్లు తీసేస్తారు. ఆమాత్రం చేతకాలేదా మీకు?"

"తీశారు మేడమ్. అక్కడే ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. ఆయన భార్యా లోపలే ఉంది. నాకు అడుగు పడలేదు."

ఆ రోజుల్లో మా వార్డు తలుపు దగ్గర నేనూ ఎందరినో వెనక్కి పంపాను. మా ముదీర్, అదే మా మేనేజరు, తమ్ముణ్ని మాత్రం వాళ్లమ్మ దగ్గరికి వదిలాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.