స్కూలు ఖాళీ చేయించిన టెలిస్కోపు

పటాన్‌చెరు పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చే విద్య ఒకటుంది. సైరన్ మోగితే కర్చీఫు తడిపి ముక్కుకు కట్టుకోవాలి. ఫ్యాక్టరీ పొగ ఎటు పోతోందో చూసుకుని గాలికి ఎదురు నడవాలి. మా అమ్మాయి స్కూల్లో ఈ డ్రిల్లు తరచూ చేయిస్తారు. అందుకే ఆ రోజు అందరూ అంత చక్కగా పారిపోయారు.

వెల్డింగ్ అతుకులకు ఎక్స్‌రే తీయడం నా పని. పైపుల్లో, బాయిలర్లలో లోపల పగులుందేమో ఫిల్ము మీద చూసి చెప్పాలి. ఆ గాలి సోకిందేమో, మా అమ్మాయి ఎనిమిదో క్లాసు సైన్స్ ఎగ్జిబిషన్‌కు అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపు నమూనా చేస్తానంది. చేయడం పెద్ద కథ కాదు, మాట్లాడటమే కథ. అంతకు ముందు ఏడాది జడ్జీల ముందు దానికి ఒక్క ముక్క పెగల్లేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈసారి నెల రోజులు ఫ్రిజ్‌కు పాఠం చెప్పింది. ఫ్రిజ్ ముందు గడగడా చెప్పేది, నేను వంటింట్లో అడుగుపెడితే నోరు మూతపడేది.

నమూనా బాగా కుదిరింది. ప్లాస్టిక్ పైపు ముక్కలు ఒకదానిలో ఒకటి, స్టీలు గ్లాసులు పేర్చినట్టు. లోపల మిఠాయి డబ్బాల బంగారు కాగితం. నా చేతులు ఊరుకోలేదు. డ్యూటీలో వాడే పసుపు రేడియేషన్ హెచ్చరిక స్టిక్కరు, మూడు నల్ల రెక్కల గుర్తున్నది, తెచ్చి దాని పొట్ట మీద అతికించాను. అసలు దానిలా కనబడాలని! నాకంటే తెలివైనవాడు జిల్లాలో లేడు.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున పదకొండుకు పీఈటీ సారు ఫోన్. "సార్, మీ దగ్గర రేడియేషన్ జూసే మీటర్ ఉన్నదట గద, జెర జల్దీ రండ్రి. స్కూలంత పరేషాన్ల ఉన్నది."

మీటరు పట్టుకుని బండి మీద ఉరికాను. లక్డారం రోడ్డు పక్కన స్కూలు మొత్తం వరుసల్లో నిలబడి ఉంది, ముక్కులకు తడి కర్చీఫులతో. అందరికంటే దూరంగా జడ్జీలు.

"ఒక మోడల్ మీద పసుపు స్టిక్కర్ ఉన్నది సార్," అన్నాడు పీఈటీ సారు. "మొన్ననే ట్రైనింగుల చూపిచ్చిన్రు. సూడంగనే లాంగ్ బెల్ కొట్టిన."

వరుసల్లో మా అమ్మాయి కోసం వెతికాను. "మరి మా పాప ఏది?"

"ఆ మోడల్ ఇడ్సిపెట్టి బయటికి రానంటున్నది. పక్క ఫ్యాక్టరీ ఫైర్ ఆయన పట్టుకొస్తనని లోపల్కి పోయిండు."

నేను అతికించిన ప్రమాదాన్ని కొలవడానికి నేనే వెళ్లాను. హాల్లో బల్లల దగ్గర ఎవరూ లేరు. ఒక మట్టి అగ్నిపర్వతం తనపాటికి తాను నురగ కక్కుతోంది. చివరి బల్ల దగ్గర మా అమ్మాయి. ఎదురుగా వీపున గాలి సిలిండరు, ముఖం నిండా మాస్కుతో ఒక మనిషి. మోసుకుపోవడానికి వచ్చినవాడు చేతులు కట్టుకుని వింటున్నాడు.

"ఎక్స్‌రే అద్దానికి ఎదురుంగ తగిల్తె లోపల్కి దూరిపోతది అంకుల్. పక్కకెల్లి రాసుకుంట పోతెనే మళ్లుతది. గందుకే ఇన్ని పైపులు. ఇది ఎక్స్‌రేలేం బయటికి ఇడ్వదు. బ్లాక్‌హోల్ చుట్టు కాగిన గ్యాస్‌కెల్లి వచ్చేది పట్టుకుంటది, అంతే."

ఒక్క తడబాటు లేదు. ముఖం కనబడని మనిషి దానికి ఫ్రిజ్‌తో సమానం కాబోలు.

"మరి పైకెందుకు పంపుడు?" మాస్కులోంచి గొంతు బిందెలోంచి వచ్చినట్టుంది.

"గాలి ఆపేస్తది అంకుల్. కిందికి రానియ్యదు. గాలే మనల్ని కాపాడుతది."

"మన పటాన్‌చెరు గాలేనా?"

"ఆ, గదే."

ఆయన నవ్వాపుకోలేక మాస్కు తీసేశాడు. మీసాలు, చెమట, మనిషి ముఖం. అమ్మాయి ఆగిపోయింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

అప్పుడే బయట మైకులో పీఈటీ సారు. "సార్, రీడింగ్ ఎంతొచ్చింది? లోపల్కి రావచ్చునా?"

మీటరు ముల్లు కదలడానికి కారణమే లేదు. సరేనంటే స్కూలంతా ఒక్కసారి వచ్చిపడుతుంది. కిటికీలోంచి అరిచాను. "ఇంక చూస్తున్న సార్! ఐదు నిమిషాలు! ఎవ్వరు రావద్దు!" నా సర్వీసులో నేనిచ్చిన ఒకే ఒక దొంగ రిపోర్టు అది.

అమ్మాయి బల్ల అంచు వదిలింది. ఆ చెమట ముఖం వైపే చూస్తూ మెల్లగా మళ్లీ మొదలుపెట్టింది. అద్దాలకు బంగారు పూత ఎందుకో కూడా చెప్పింది.

అయిపోయాక స్టిక్కరును గోరుతో గీకి, పీకి, నా చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇగ జడ్జీలను పిలువు," అంది.